రాజుగారి సైకిల్, ముప్పై గుడ్లు

ఇది నమ్మడానికి దమ్ముండాలి. నీకుందో లేదో చూద్దాం.

అనగనగా ఓ రాజ్యం. రాజ్యం నిండా ఏనుగులు, గుర్రాలు, పల్లకీలు. సైకిల్ మాత్రం ఒక్కటే. రాజుల కాలంలో సైకిలేంటి అని అడక్కు. ఉంది, అంతే. ఓడల్లో వచ్చిన వర్తకులు రాజుగారికి కానుకిచ్చారు.

రాజుగారు ఎక్కారు. పడ్డారు. మళ్ళీ ఎక్కారు. ఈసారి వెళ్ళి పెసరట్ల పెనం పక్కన పడ్డారు. మూడోసారి రాణిగారు ఎక్కనివ్వలేదు.

పడ్డానని చెప్పుకోలేరు కదా, రాజాయె. అందుకని పోటీ అని దండోరా వేయించారు.

"వినండహో! సంత నుంచి కోట వంటింటికి సైకిల్ మీద సరుకులు రావాలి! బస్తా బియ్యం, కుండెడు నూనె, ముప్పై గుడ్లు! బియ్యం ఒలక్కూడదు, నూనె చిందకూడదు, ఒక్క గుడ్డు కూడా చిట్లకూడదు! తెచ్చినోళ్ళదే సైకిల్! హో!"

సంత వారానికోసారి. అందుకని వారానికొకళ్ళు. నేర్చుకోడానికి ముందు ఏడు రోజులు సైకిల్ వాళ్ళ దగ్గరే ఉంటుంది.

సంతకీ కోటకీ మధ్య మూడు గండాలు. మొదటిది తాటిదిబ్బ, దిగేటప్పుడు జారుడుబల్లే. రెండోది ఇసకవాగు, నీళ్ళు చీలమండ దాకానే గానీ కింద ఇసక మెత్తగా దిగిపోద్ది. మూడోది కోటవీధి, పొడుగూతా గుండ్రాళ్ళు.

మొదటి వారం ఒక రౌతు వచ్చాడు. గుర్రపుదళంలో పెద్ద పేరు, వీరభల్లుడు. ఏడు రోజుల్లో ఒక్కరోజు కూడా నేర్చుకోలేదు.

"గుర్రమే నా మాట వింటది, ఈ ఇనప మేక ఎంత?" అన్నాడు.

బస్తా వెనకేసి, దాని మీద గుడ్ల బుట్ట పెట్టి, నూనె కుండ ముందు తగిలించి, ఎక్కాడు. బానే తొక్కాడు కూడా. తాటిదిబ్బ పైన ఓ ముసలి గాడిద గడ్డి మేస్తోంది. ముప్పయ్యేళ్ళు ఆ దారిలోనే ఉప్పు మోసిన గాడిద.

"అయ్యా, ఇక్కడ దిగండి. పల్లంలో బరువు మన మాట వినదు" అంది.

"ఛీ పో! యుద్ధంలోనే దిగనోణ్ణి, నీ మాట విని దిగుతానా?"

దిగలేదు. దిబ్బే దింపింది. కింద ఆముదం చేలో లేచి నిలబడేసరికి గుడ్లన్నీ మీసాల మీదే ఉన్నాయి.

రెండో వారం రాజుగారి బావమరిది. పేరు చిత్రాంగదం. ఏడు రోజులూ నేర్చుకున్నాడు, కాకపోతే కోట లోపల నున్నటి చావడిలో. సంతకెళ్ళాక మంచి పుచ్చకాయలు కనబడ్డాయి.

"ఎలాగూ ఇంటికే కదా వెళ్ళేది" అని తనకోసం ఓ ఆరు కాయలు బస్తా మీద కట్టించుకున్నాడు.

తాటిదిబ్బ మీద చెప్పులు నేలకి రాసుకుంటూ ఎలాగో దిగాడు. చెప్పులు పోయాయి, గుడ్లు బతికాయి. వాగు దగ్గరికొచ్చేసరికి గాడిద నీళ్ళు తాగుతోంది.

"బాబుగారూ, దిగి తొయ్యండి. ఇసకలో తొక్కితే కూరుకుపోద్ది."

"రాజుగారి బావమరిది కాళ్ళకి బురదా? జనం చూస్తే ఏమంటారు?"

"ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను బాబూ."

"నువ్వు మాత్రం చెప్పవా ఏంటి? నోరుంది కదా!"

తొక్కాడు. వెనక చక్రం దిగబడింది. వెనకంతా పుచ్చకాయలాయె, ముందు చక్రం గాల్లోకి లేచింది. బాబుగారు వెల్లకిలా. నూనె కుండ రాయికి తగిలి భళ్ళుమంది. ఆ పూట వాగులో చేపలకి వేపుడయ్యేందుకు నిప్పు ఒక్కటే తక్కువ.

మూడో వారం పూటకూళ్ళ నూకరత్నమ్మ వచ్చింది. బళ్ళోళ్ళకీ, బాటసారులకీ అన్నం వండి పెట్టే మనిషి. పాతికేళ్ళుగా సంత సరుకంతా నెత్తి మీదే మోసింది. ఇప్పుడు మెడ పక్కకి తిరగట్లేదు.

"ఇంకో బుట్ట నెత్తికెత్తావో, ఆ మెడ ఇక లేవదు" అన్నాడు వైద్యుడు.

సరుకు రాకపోతే వంట లేదు. వంట లేకపోతే పూటకూళ్ళిల్లు లేదు. ఆమెకి సైకిల్ అంటే సరదా కాదు, పొయ్యి.

ఏడు రోజులూ నీళ్ళ బిందెలు కట్టుకుని నేర్చుకుంది. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. ఎక్కడ తొక్కొచ్చో తెలిసింది. ఎక్కడ తొక్కకూడదో ఇంకా బాగా తెలిసింది.

సంతలో బియ్యం రెండు సంచుల్లోకి పంచింది. కావడిలాగా అటొకటి, ఇటొకటి. గుడ్లు ఒక్కోటీ బియ్యంలోకి దూర్చింది, ఒకదానికొకటి తగలకుండా, ఈ సంచిలో పదిహేను, ఆ సంచిలో పదిహేను. నూనె కుండ మూతికి అరిటాకు, గుడ్డ కట్టి, ఉట్టిలో పెట్టి ముందు బిగించింది.

"బియ్యంలో గుడ్లేంటి రత్నమ్మా, పొదిగిస్తావా?" అన్నాడు కూరగాయలోడు.

"నీ నోరు మూసుకుంటే నీక్కూడా ఓ పిల్లనిస్తాలే" అంది.

దిబ్బ మీద గాడిద నోరు తెరిచేలోపే దిగింది.

"నేనింకా చెప్పలేదే!" అంది గాడిద.

"నువ్వూ నేనూ ఒకే దారిలో మోశామే" అంది నూకరత్నమ్మ, బండిని వెనక్కి లాగి పట్టుకుని మెల్లగా దింపుతూ.

వాగులో చీర ఎగ్గట్టి తోసింది. దాటాక చదును దారిలో ఎక్కి గాలిలా తొక్కింది. తొక్కడం రాక కాదు, చూశావా.

కోటవీధి వచ్చింది. రెండు వైపులా జనం. ముందు వరసలో చిత్రాంగదం బాబుగారు. వెనకే వచ్చిన గాడిదని కాపలావాళ్ళు వీధి మొదట్లోనే ఆపేశారు.

ఆమె దిగింది.

"ఏయ్, అది సైకిలా, గేదా? తోలుకొస్తున్నావ్!"

"ఎక్కవే ఎక్కు! ఇంత దూరం వచ్చి భయమా?"

"పూటకూళ్ళమ్మకి అట్లు తిప్పడమే వచ్చు, చక్రం తిప్పడం కాదు!"

వీధి వీధంతా నవ్వు. ఆమె మొహం ఎర్రబడింది. ఒక కాలు తీసి పెడలు మీద పెట్టింది. ఎక్కితే నవ్వు ఆగిపోద్ది. అంతే, ఒక్కసారి ఎక్కితే చాలు.

సంచిలో గుడ్లు గుర్తొచ్చాయి. ఇంటి దగ్గర చల్లారిన పొయ్యి గుర్తొచ్చింది. ఈ నవ్వేవాళ్ళలో ఒక్కడు కూడా రేపొచ్చి దాన్ని వెలిగించడు కదా అనుకుంది.

కాలు కిందకి దించింది. తల వంచుకుని, ఒక్కో రాయీ చూసుకుంటూ, తోసుకెళ్ళింది.

వంటింట్లో రాణిగారే లెక్కపెట్టారు. ముప్పై గుడ్లు. నూనె చుక్క చిందలేదు. బియ్యం గింజ పోలేదు.

"చెల్లదు బావగారూ!" అని అరిచాడు చిత్రాంగదం. "సగం దారి నడిచొచ్చింది!"

రాజుగారు ఆమె వైపు తిరిగారు. "ఏమమ్మా, నిజమేనా?"

"నిజమే ప్రభూ. మూడు చోట్ల దిగాను. తమరు సరుకులు సైకిల్ మీద రావాలన్నారు, వచ్చాయి. నన్ను పడేదాకా ఎక్కమని తమరన్లేదు కదా."

రాజుగారు మోకాలు తడుముకున్నారు.

"నేను పడ్డాను" అన్నారు. "రెండుసార్లు. పెనం పక్కన కూడా."

ముందు రాణిగారు నవ్వారు. తర్వాత అందరూ. ఆఖరికి బాబుగారు కూడా. సైకిల్ నూకరత్నమ్మదైంది. ఆ రోజే పొయ్యి వెలిగింది.

ఇంటికెళ్తూ గాడిద దగ్గర ఆగింది. "రేపటి నుంచి నీకు పూటకో రొట్టె. ఎక్కుతావేంటే, దింపేస్తా?"

"వద్దమ్మా. గాడిద సైకిలెక్కిందంటే కథ ఎవడు నమ్ముతాడు?"

సో నీతేంటంటే, పదిమంది నవ్వినా సరే, దిగాల్సిన చోట దిగినోళ్ళే ఇంటికి సరుకు చేరుస్తారు. ఇంకా ఆ రౌతు ఏమయ్యాడంటే...

ఆఁ అమ్మా! వస్తున్నా! కొట్టుకి సైకిల్ మీదే వెళ్తా! గుడ్లెన్ని?