చేప వైపు కొస

పోటీకి ఇంక ఒక్కరోజే ఉంది. నాలుగు గాలం కడ్డీల్లో ఏది తీసుకెళ్లాలో పెంచలయ్యకు తేలడం లేదు.

తేల్చడానికి అతను చేయని ప్రయత్నం లేదు. వృత్తిరీత్యా తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. అందుకే కడ్డీలను వరుసగా కిటికీ ఊచలకు కట్టి, కొనకు స్ప్రింగు కాటా తగిలించి లాగాడు. ఎన్ని కిలోలకు ఎన్ని అంగుళాలు వంగిందో నోటుబుక్కులో రాసుకున్నాడు. పన్నెండు పేజీలు నిండాయి గానీ అనుమానం మాత్రం తీరలేదు.

గొర్రిపాటి చెరువులో ఏటా జరిగే కొరమేను పోటీ అది. రబ్బరు కప్పను ఎరగా వేసి, పట్టిన చేపను కొలిచి మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. మనిషికి ఒకటే కడ్డీ. పొద్దున్నే బల్ల దగ్గర రాయించుకున్న కడ్డీని సాయంత్రం దాకా మార్చడానికి వీల్లేదు.

పోయినేడు చెయ్యంత కొరమేను అతని కప్పను మింగింది. గట్టు మీద జనం ఈలలు వేశారు. పెంచలయ్య లాగాడు. కప్ప ఒక్కటే తిరిగొచ్చింది, దాని కొక్కేనికి చేప పెదవి ముక్కతో సహా. అంతకు ముందేడు దారమే తెగింది. రెండుసార్లూ తప్పు కడ్డీదే అని తీర్పు చెప్పి, అతను కొత్తది కొన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట మీలాంటోడే," అంది భార్య సుగుణ. "ఈసారి కూడా ఉత్త చేతుల్తో వస్తే కడ్డీలన్నీ అటక మీదికే. ఇంగ దించేది లేదు."

పౌరుషం కొద్దీ పెంచలయ్య ఆమె చేతిలో చెయ్యేసి సరేనన్నాడు. మాట తప్పే మనిషి కాదు. ఆదివారం పూట చెరువు గట్టున నిలబడని బతుకు తలుచుకుంటేనే అతనికి దిగులు ముంచుకొచ్చింది.

అందుకే కడ్డీలు, కాటా, నోటుబుక్కు మోసుకుని మీరా సాహెబు దగ్గరికి వెళ్లాడు. ఆయన నలభై ఏళ్లు కాలవ మీద లస్కరుగా తూము తలుపులు ఎత్తి దించిన మనిషి. ఆ చుట్టుపక్కల గాలం పట్టినవాళ్లందరికీ ఆయనే ఉస్తాదు. గట్టు మీద చాప వేసుకుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

పెంచలయ్య పన్నెండు పేజీలూ చదివి వినిపించాడు. ఉస్తాదు ఒక్క అంకె కూడా వదలకుండా విన్నారు.

"బాగా రాశావు నాయనా. చేప ఏమనింది?"

"చేపనెట్టా అడుగుతాం ఉస్తాద్?"

"చొక్కా విప్పు," అన్నారు ఆయన.

కాసేపటికి తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గుండెలోతు నీళ్లలో, గట్టుకు వీపు పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. దారం కొసను అతని పిడికిలికి చేతిరుమాలుతో కట్టి ఉస్తాదు గట్టెక్కారు.

"ఇప్పుడు నువ్వు చేపవి. పారిపో. నాలుగుసార్లు లాగుతా. ఎట్టా ఉండాదో చెప్పు."

పక్కన బర్రెలు కడుగుతున్న ఆదెమ్మ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఉస్తాదూ, ఈసారి బో పెద్దదే పడిందే!"

మొదటి లాగుడుకే పెంచలయ్య వెల్లకిలా పడి చెరువు సగం తాగాడు. దగ్గుతూ లేచి, "ఈ కడ్డీ వద్దు ఉస్తాద్!" అని అరిచాడు. "నోరు చించేది ఇదే!"

రెండోసారి అసలు లాగుడే తెలియలేదు. నేరుగా వెళ్లి తామరతూళ్లలో చిక్కుకున్నాడు. "ఇదీ పనికిరాదు. చేప గుబురులో దూరి నవ్వుతుంది."

మూడోసారి పరిగెత్తితే దారం పరిగెత్తనిచ్చింది. అలిసి ఆగితే తనవైపు తీసుకుంది. పక్కకు తిరిగితే తానూ తిరిగింది. ఎక్కడా బలవంతం లేదు. చూసుకుంటే నీళ్లు మోకాళ్ల దాకే ఉన్నాయి. ఒడ్డుకు ఎప్పుడొచ్చాడో అతనికే తెలియదు.

"ఇదే!" పెంచలయ్య నాలుగోదాని కోసం ఆగలేదు. "ఇది కొత్త నల్లదే గదా! కాటా మీద కూడా ఇదే మొదటిది!" అంటూ కళ్లు తెరిచి వెనక్కి తిరిగాడు.

నాలుగు కడ్డీలూ చాప మీదే ఉన్నాయి. ఇంటి దగ్గర అతను వాటిని కలిపి కట్టిన తాడు కట్టినట్టే ఉంది.

ఉస్తాదు దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఉన్నారు, తూము చక్రాలు తిప్పి తిప్పి కాయలు కాసిన వేళ్లు. రెండో చేతిలో వేరుశనక్కాయ.

పెంచలయ్య చాప వంకా ఉస్తాదు వేళ్ల వంకా మార్చి మార్చి చూశాడు.

"మరి ఆ మొదటిది?"

"అది నువ్వు," అన్నారు ఉస్తాదు. "పోయినేడు నువ్వు లాగింది అట్టాగే. నేను గట్టు మీదే ఉండా గదా."

పెంచలయ్య చేతిరుమాలు కట్టిన పిడికిలి వంక చూసుకున్నాడు. ముందు సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగక నీళ్లలోనే కూలబడ్డాడు. ఆదెమ్మ కూడా బర్రెల్ని వదిలేసి నవ్వింది.

"మరి రేపటికి ఏ కడ్డీ ఉస్తాద్?"

ఉస్తాదు లుంగీ ఎగగట్టి తానే నీళ్లలోకి దిగారు. "ఒక్కోదానికీ దారం వేసి కొస నాకియ్యి. కళ్లు మూసుకో. నేను వేలు కదిలిస్తా. కదిలినప్పుడు చెప్పు."

నల్ల కడ్డీ పట్టుకుని పెంచలయ్య చాలాసేపు ఎదురుచూశాడు. "ఇప్పుడా?"

"మూడుసార్లు అయిపాయె."

మరో రెండు కడ్డీలూ అంతే. చివరికి పసుపు పిడి ఉన్నది పట్టుకున్నాడు. నోటుబుక్కులో అది అన్నిటికన్నా కింద ఉంది, కొన మరీ తేలిగ్గా వంగుతుందని.

"ఇప్పుడు," అన్నాడు. "ఇంకోసారి. ఇప్పుడు… ఇది మీ వేలు కాదు ఉస్తాద్, తామరతూడు తగిలింది."

ఉస్తాదు గట్టెక్కి లుంగీ పిండుకున్నారు.

మర్నాడు బల్ల దగ్గర పసుపు పిడి కడ్డీనే రాయించుకున్నాడు పెంచలయ్య. దారాన్ని బిగబట్టే రీలు మరను అలవాటు కొద్దీ బిగించబోయి, ఆగి, రెండు చుట్లు వదులు చేశాడు.

ఎండ ఎక్కాక, తామరాకుల మధ్య రబ్బరు కప్ప మీద నీళ్లు భళ్లున పగిలాయి. జనం ఈలలు వేశారు. కప్పను మింగనిచ్చి, కొక్కెం దిగేలా ఒక్క లాగు లాగాడు. రెండో లాగుకు భుజం తనంతట తానే పైకి లేచింది. ముందురోజు తాగిన చెరువు నీళ్లు గొంతులో గుర్తొచ్చాయి. భుజం దిగింది.

"పో తల్లీ, పో," అన్నాడు మెల్లగా. కొరమేను పోయింది. అలిసింది. తీసుకున్నాడు. మళ్లీ పోయింది. గుబురు వైపు తిరగబోయిందని చేతికి ముందే తెలిసి, తానూ అటే నడిచి మళ్లించాడు. కాసేపటికి చేప వలబుట్టలో ఉంది, పెదవి చెక్కు చెదరకుండా.

కొలిచారు. రెండో స్థానం. నీళ్లలో వదిలితే తోక ఒక్కసారి ఆడించి మాయమైంది. పెంచలయ్యకు మొదటి స్థానం వచ్చినంత సంతోషమేసింది. గట్టు మీద ఉస్తాదు వేరుశనక్కాయలు ఒలుస్తూనే ఉన్నారు.

ఇంటి దగ్గర సుగుణ అటకకు నిచ్చెన ఆనించి సిద్ధంగా ఉంది. మొగుడి ముఖం చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది, నవ్వు దాచుకుంది.

"ఎంత తూగింది?"

"తూచలా."

ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె ఆ మాట వినడం అదే మొదలు. "నిచ్చెన తీసెయ్యనా మరి?"

"ఉండనీ," అన్నాడు పెంచలయ్య. సంచిలో నుంచి స్ప్రింగు కాటా తీసి, నిచ్చెనెక్కి, దాన్ని అటక మీద ఓ మూలన పెట్టి దిగాడు.