వెదుళ్లలంక బడిగోడ మీది పటం

అనగనగా అంటే మరీ తాతలనాటి మాట కాదు. లంకల్లోకి సెల్‌ఫోను సిగ్నలు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, ఒక మహానది నడుమ వెదుళ్లలంక అనే ఊరు ఉండేది.

ఆ ఊరి బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే పంతులమ్మ పేరు సత్యవేణి. బడిలోని పుస్తకాలు ఏనాడో వరదలో నానిపోయాయి. రాజుల కథ చెప్పాలన్నా, నదుల పాఠం చెప్పాలన్నా ఆమెకు ఫోనే దిక్కు. కొంగు నెత్తిన కప్పుకుని, సిగ్నలు అందే రేవుగట్టు మీద నిలబడి రేపటి పాఠం వెతుక్కునేది.

ఒక శ్రావణమాసంలో ఊరి ప్రెసిడెంటు ముసలయ్యనాయుడు బడికి వచ్చాడు.

"అమ్మా, పైన వానలు దంచేస్తున్నాయంట. ఈసారి వరద తప్పేలా లేదు. ఈ గోడ మీద మన లంక పటం గీయించండి. నీళ్లొస్తే ఎటు పోవాలో బాణం గుర్తులు పెట్టించండి. పిల్లలు నేర్చుకుంటే ఇంటిల్లిపాదీ నేర్చుకున్నట్టే. మూడు రోజుల్లో అయిపోవాలి."

మొదటి రోజు సత్యవేణి ఫోనులో వెతికింది. ముందుగా ఒక రంగుల పటం దొరికింది. నీలిరంగు నది, పచ్చని చేలు, తూర్పున చెట్లతో నిండిన దిబ్బ. దాని మీద 'వరదకు అందని చోటు' అని ఎర్రటి అక్షరాలు. తరువాత ఒక వీడియో దొరికింది. దాన్ని లక్షమంది చూశారట. "ఈ తూర్పుదిబ్బ ఏనాడూ మునగలేదు" అంటూ గంభీరమైన గొంతు అందులో పలికింది. మూడోది తెలుపు నలుపుల కొలతల పటం. ఎంతకీ తెరుచుకోలేదు. తెరుచుకున్నాక చూస్తే అన్నీ అంకెలే.

'రెండు చోట్ల ఒకే మాట ఉంది. ఇంకేం కావాలి?' అనుకుని ఆమె రంగుల పటాన్నే ఎంచుకుంది.

రెండో రోజు పిల్లలు గోడనిండా రంగులు పూశారు. బాణాలన్నీ తూర్పుకు సాగాయి. ఎనిమిదో తరగతి నూకరత్నం కుంచె పక్కన పెట్టి ఫోనులోకి తొంగి చూసింది.

"టీచరుగారండీ, ఈ పటం గీసినాయన మన లంకకి ఎప్పుడైనా వచ్చాడంటారా? మన ఊరిపేరు వెదురులంక అని రాశాడండి."

సత్యవేణి ఫోను అందుకుంది. గబగబా రేవుగట్టు ఎక్కి వీడియో మళ్లీ పెట్టింది. అందులోనూ వెదురులంకే! అదే తప్పు, అదే తీరు. తాను ఇద్దరు సాక్షులనుకుంది. తీరా చూస్తే ఒకరి మాటనే రెండోవారు అప్పజెప్పారు. ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, ఆ సంగతి ఎలా తెలిసింది? ఆ రెండింటిలో ఎక్కడా లేదు.

ఆమె మూడో పటం తెరిచింది. అడుగున కొలిచినవాళ్ల పేర్లున్నాయి. తేదీ ఉంది, రెండేళ్ల కిందటిది. ఎలా కొలిచారో కూడా రాశారు. వేలు పెట్టి అంకెలు ఒక్కొక్కటే చదువుకుంది. తూర్పుదిబ్బ పడమటిగట్టు కన్నా మూడడుగులు పల్లం.

'ఇదైనా నిజమని ఏమిటి? కళ్లారా చూడాలి.'

నావ నడిపే సోమన్నను వెంటబెట్టుకుని ఆ సాయంత్రమే తూర్పుదిబ్బకు వెళ్లింది. తుప్పలు తొలగించి చూస్తే, కిందటేడు వచ్చిన చిన్న వరదకే చెట్ల మొదళ్లకు మోకాటి ఎత్తున బురదచార ఉంది. బయల్దేరే ముందు చూసిన పడమటిగట్టు మీది తాటిచెట్లకైతే బురద ఆనవాలే లేదు.

సోమన్న నావగెడతో దిబ్బ అంచును పొడిచాడు. మట్టి పెళ్లలుగా జారి నీళ్లలో పడింది.

"దీని కాళ్లు ఏరు కోసేసిందమ్మా. పైకి చెట్లు కనబడుతున్నాయి గానీ అడుగున ఏం లేదు" అన్నాడు.

మూడో రోజు ఊరంతా పటం చూడటానికి వచ్చేసరికి, సత్యవేణి సున్నపు బాల్చీతో గోడ ముందు నిలబడి ఉంది. సగం పటం అప్పటికే తెల్లబడింది. పిల్లలు బిక్కమొహాలు వేశారు. రేవులో నీళ్లు మూడో మెట్టు దాటాయి.

"ఏంటమ్మా ఈ పని?" ప్రెసిడెంటు గొంతు పెంచాడు.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. అయినా తల దించలేదు.

"నేను తప్పు గీయించానండి. సరిచూసుకోకుండా పిల్లలకి చెప్పాను. మనం పోవలసింది పడమటికి."

"మా తాతలనాటి నుంచీ తూర్పుదిబ్బే కదా! ఆ వీడియో నేనూ చూశాను. లక్షమంది చూసింది తప్పు, మీ ఒక్కరిదే ఒప్పా?"

"నా మాట నమ్మకండి. సోమన్న నావ రేవులోనే ఉంది. వెళ్లి మీ కళ్లతో చూసి రండి."

ముసలయ్యనాయుడు కోపంగానే నావ ఎక్కాడు. గంట తరువాత మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చాడు. నేరుగా గోడ దగ్గరకు నడిచాడు. బాల్చీలో కుంచె ముంచి, మిగిలిన సగం పటం తానే చెరిపేశాడు. ఆ సాయంత్రం పిల్లలు తెల్లగోడ మీద బొగ్గుతో పడమటికి బాణాలు గీశారు.

మర్నాడు పొద్దెక్కేసరికి వరద వచ్చేసింది. వీధుల్లో పిక్కలలోతు నీళ్లు. గొడ్లు అరుస్తున్నాయి. మూటలు నెత్తిన పెట్టుకుని పెద్దలు అలవాటు కొద్దీ తూర్పుకే తిరిగారు. పిల్లలు చేతులు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డారు.

"అటు కాదు! పడమటికి! పడమటికి!"

నూకరత్నం తన నాయనమ్మ చెంగు పట్టి లాగింది. ముసలామె తిట్టుకుంటూనే వెనుదిరిగింది. ఆమె వెనక ఒకరు, వారి వెనక పదిమంది, చివరికి ఊరంతా. సత్యవేణి అందరికన్నా ఆఖరున పడమటిగట్టు ఎక్కి, వేలు చూపిస్తూ పిల్లల్ని లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. అందరూ ఉన్నారు.

అప్పుడే అవతల పెద్ద చప్పుడైంది. తూర్పుదిబ్బ మీద ఒక చెట్టు ఒరిగింది. ఇంకొకటి ఒరిగింది. మూడోది ఒరిగేసరికి అక్కడ దిబ్బ లేదు, ఎర్రటి నీళ్లే ఉన్నాయి.  నూకరత్నం నాయనమ్మ తడిచేత్తో మనవరాలి తల నిమిరింది.

కనుక పిల్లలూ, కంటికి నచ్చిందీ, పదిమంది మెచ్చిందీ అంతమాత్రాన నిజం కాదు. సరిచూసి చెప్పేవారు, తప్పయితే పదిమందిలో దిద్దుకునేవారు, వారే నిజమైన గురువులు.