బీరవ్వ కుక్కలు కొలువెక్కిన కథ

ఊ కొడుతూ ఉండండి, చెబుతూ ఉంటాను. మీ ఊ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగనగా మూడు రాజ్యాలు. మూడింటి నడుమా ఒకటే గుట్టల వరస. ఆ గుట్టల్లో గొర్రెలు కాసుకునే ముసలమ్మ బీరవ్వ. ఆమెకో మంద, మందకో ఆడకుక్క. మడత చెవులు, మసిరంగు వీపు. మొరగడం తక్కువ, మందను వదలడం అసలే లేదు.

కుక్క ఈనిందంటే అడిగిన కాపరికల్లా పిల్లను ఊరికే ఇచ్చేది బీరవ్వ. "పైసలొద్దు బిడ్డా. దీనికి పిల్లలైతే నువ్వు గూడ గిట్లనే ఇయ్యి. గొర్రెపిల్ల మీద పండ్లు సూపిన కుక్కతోటి మాత్రం జత కట్టనియ్యకు" అనేది. పిచ్చి ముసలిదని జనం ముక్కున వేలేసుకునేవారు.

అంతలో రాజులు ముగ్గురూ కలిసి ఒక కట్టడి చేశారు. జాతికుక్కలే పొలిమేర దాటాలి. ఊరకుక్క దాటితే కావలివాళ్ళు బల్లెంతో పొడుస్తారు. ఏది జాతో తేల్చడానికి మూడు పొలిమేరలు కలిసే ఏటి ఒడ్డున ఏటేటా కుక్కల కొలువు.

బీరవ్వ గుండెల్లో రాయి పడింది. ఎండాకాలం మేత అంతా పొలిమేర అవతలే. కుక్క లేకుండా దాటితే మంద తోడేళ్ళ పాలు.

మొదటి ఏడు కుక్కను వెంటబెట్టుకుని పోయింది. కొలువు పెద్దలు చూశారు. "ఒక్క కుక్క జాతి కాదవ్వా. తల్లీ, బిడ్డా, మనవరాలూ ఒకే పోలికన ఉండాలి" అన్నారు. ఆ ఎండాకాలం సగం మంద తోడేళ్ళ పాలైంది.

రెండో ఏడు మూడు తరాలనూ తోలుకుపోయింది. "ఒక్క గుడిసె కుక్కలు జాతి కాదవ్వా. మూడు రాజ్యాల్లోనూ ఇదే పోలిక, ఇదే గుణం కనబడాలి" అన్నారు. ఆ ఎండాకాలం మిగిలిన సగంలో సగం పోయింది.

ఇక బీరవ్వ దోవన పోయే ప్రతి కాపరికీ ఒకే మాట చెప్పి పంపింది. "నేనిచ్చిన కుక్కలను కొలువుకు తోలుకరమ్మను."

మూడో ఏడు ఏటి ఒడ్డుకు వెళ్ళేసరికి కొలువు పెద్దలే తప్ప కాపరులెవరూ లేరు. ముసలిది నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి మూడు దారులూ చూసింది. అప్పుడు లేచింది దుమ్ము! మూడు దిక్కుల నుంచీ కాపరులు, వాళ్ళ వెంట కుక్కలు. ఎటు చూసినా మడత చెవులు, మసిరంగు వీపులు.

అంతలో తప్పిపోయిన గొర్రెపిల్ల ఒకటి జనం మధ్య "మే" అంది. ఒకదాని మొహం ఒకటి ఎరగని కుక్కలన్నీ ఒక్కసారే లేచాయి. మొరగలేదు. పోయి పిల్ల చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డాయి.

పెద్దలూ లేచి నిలబడ్డారు. "ఇది జాతే అవ్వా! పేరేమిటి?"

బీరవ్వ తెల్లబోయింది. "పేరు వెట్టలే అయ్యా. 'దా' అంటే వస్తయి."

జనం గొల్లున నవ్వారు. కాపరులంతా ఒక్క గొంతుతో అరిచారు, "బీరవ్వ కుక్కలు!" మూడు రాజ్యాల డప్పులూ ఆ పేరే చాటాయి. బీరవ్వ కుక్కను వాటేసుకుని ఏడ్చింది, సంతోషం పట్టలేక. ఆ ఎండాకాలం అందరికంటే ముందు పొలిమేర దాటింది ఆమె మందే. కావలివాళ్ళు బల్లేలు దించి దారిచ్చారు.

బీరవ్వ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ ఆ గుట్టల్లో కుక్కపిల్లకు ఎవరూ వెల కట్టరు. ఒడిలో పెట్టి, "బీరవ్వ ఇచ్చింది, తీస్కపో" అంటారు. తీసుకున్నవాడు "మళ్ళ బీరవ్వకే ఇస్త" అంటాడు. అన్నమాట ప్రకారం, దానికి పిల్లలైతే తర్వాత అడిగినవాడి ఒడిలో ఒకటి పెడతాడు.