దిష్టి చేప

ఇలా దగ్గరికి జరగండర్రా. ఈ కథ మీరెప్పుడూ వినలేదు. మీరుండే చోట చెప్పేవాళ్ళూ లేరు. కళ్ళు మూసుకుని వినండి.

అనగా అనగా, కాలవ గట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో వకుళ అని ఎనిమిదేళ్ళ పిల్ల. వాళ్ళు కొత్తింట్లోకి మారారు. అప్పుడు మేనత్త వరహాలు ఒక గాజుతొట్టి తెచ్చింది. మూడు బిందెల నీళ్ళు పడతాయి, అంతే. అందులో తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లు. ఎనిమిది బంగారు రంగువి, ఒకటి నల్లది. ఈశాన్యం మూల పెట్టించి, "ఇంటి మీద పడే దిష్టంతా ఆ నల్లది లాక్కుంటుంది" అంది.

నాలుగో రోజుకి నల్లది వెల్లకిలా తేలింది. వకుళ వెక్కి వెక్కి ఏడ్చింది. అత్త మాత్రం, "మంచిదేనే, దిష్టి పట్టుకుపోయింది" అని ఇంకొకటి తెచ్చి వేసింది.

ఆ తర్వాత వారానికి అదీ పోయింది. అత్త మళ్ళీ అదే మాట. పైగా పాయసం వండించింది. చేప చస్తే పాయసమా? వకుళ గిన్నె ముట్టుకోలేదు.

అప్పుడు మూడోది వచ్చింది. దానికి వకుళ 'బొగ్గు' అని పేరు పెట్టుకుంది. రెండు రోజులకే బొగ్గు నీళ్ళపైకి వచ్చి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటోంది. అత్త తొంగిచూసి, "ఇదీ వెళ్ళేలా ఉంది. గట్టి దిష్టే" అంది.

వకుళకి ఒళ్ళు మండింది. "అత్తా, మేమొచ్చి నెల కాలేదు. ఇంతవరకూ మా గడప తొక్కింది నువ్వొక్కదానివే. మరి ఈ దిష్టి ఎవరిది?"

వంటింట్లో అమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. అత్త మొహం కందగడ్డ అయింది.

"మాటలు బాగా నేర్చావే. అయితే ఎందుకు పోతున్నాయంటావ్?"

"అమ్మినాయన్నే అడుగుదాం పద."

ఇద్దరూ చేపల కొట్టు పోలయ్య దగ్గరికి వెళ్ళారు. పోలయ్య తాపీగా చెప్పాడు.

"గోల్డ్‌ఫిష్ జానెడు పెరుగుతుందమ్మా. నీళ్ళు తొందరగా పాడుచేస్తుంది. మూడు బిందెల్లో ఒక్కటున్నా ఇరుకే. తొమ్మిదికి ఊపిరెక్కడాడుతుంది? మీకు గప్పీలని వేలెడంత కూడా ఉండని చేపలున్నాయి, అవి సరిపోతాయి. ఓ ఆరు, అన్నీ మగవే. ఆడవి కలిపితే పిల్లలతో తొట్టి నిండిపోతుంది."

"ఇంత తెలిసీ మూడుసార్లు ఎలా అమ్మావయ్యా?" అంది అత్త.

"దిష్టి చేప కావాలన్నారు. తొట్టి ఎంతో మీరు చెప్పలేదుగా."

"నువ్వడిగావా?" అంది వకుళ.



అత్త కొంగు దోపుకుంది. "తొమ్మిదీ పట్టుకొస్తున్నా. నీ పెరట్లో కనిపిస్తోందే, ఆ పెద్ద సిమెంటు తొట్టిలో వేసుకో. ఒక్కటి చచ్చినా నీ కొట్టు ముందు కూర్చుంటాను" అంది. ఆ పూటే బకెట్‌లో తనే మోసుకెళ్ళింది. బొగ్గు పెద్ద నీళ్ళలో పడగానే ఒక్క ఈత ఈది అడుక్కి పోయింది. మళ్ళీ నోరు తెరుచుకుని పైకి రాలేదు.

ఆ తర్వాత వకుళ వాళ్ళ తొట్టిలో ఆరు గప్పీలు తోకలూపుకుంటూ తిరిగాయి. వచ్చినవాళ్ళంతా, "నల్లది లేదేం?" అని అడిగేవాళ్ళు.

"దిష్టికైతే గుమ్మడికాయ కట్టుకోండి. దానికి ఊపిరక్కర్లేదు" అనేది వరహాలత్త.

బొగ్గు చేరింది పెద్ద తొట్టికి,
కథ చేరింది కంచి గట్టుకి,
కునుకు చేరింది మీ కంటి రెప్పకి.

రేపు మీ బళ్ళో చేపలు పెంచుకునే పిల్లలెవరున్నా, ఈ కథ వాళ్ళకి చెప్పండి. కొట్లో చేప కావాలని అడిగే ముందు తొట్టిలో ఎన్ని నీళ్ళు పడతాయో చెప్పమనండి.