పిల్లిపీచర తొలికాపు

ఏమర్రా, ఒక కూర తినడానికి మూడేళ్ళు ఆగమంటే మీలో ఎవరు ఆగుతారు? చెయ్యెత్తండి చూద్దాం. ఊఁ! ఒక్క చెయ్యీ లేవలేదు. మొన్న ఆవకాయ మూడోనాటి దాకా ఆగలేక జాడీ మూత విప్పిన వీరులు మీరేగా! సరే, దుప్పట్లు కప్పుకుని వినండి.

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు, రాణీ లేదు, మా అమ్మ ఉండేది. పేరు సింగారి. అప్పటికి నేనింకా పుట్టలేదు. మా అమ్మ కొండకింది పల్లె నుంచి కొత్తకోడలిగా మా నాయనమ్మ ఇంటికి వచ్చింది. నాయనమ్మ పేరు పాపయమ్మ. ఆవిడ గొంతు విప్పితే నాలుగిళ్ళ అవతల కోడి కూడా కూత ఆపేసేదట.

మా అమ్మ వస్తూ వస్తూ ఏం తెచ్చుకుందో తెలుసా? తడిగుడ్డలో చుట్టిన మూడు వేరుదుంపలు. అవి పిల్లిపీచరవి. దాన్నే శతావరి అని కూడా అంటారు. మీ నాన్న పట్నంలో రబ్బరుబ్యాండు వేసిన పచ్చపుల్లల కట్ట కొనుక్కొస్తాడు చూశారూ, ఆస్పరాగస్ అని? దానికి మన దేశపు అక్క ఇది. తొలకరి వాన పడగానే నేలలోంచి ఆకు లేకుండా మొలకలు లేస్తాయి. మా అమ్మ పుట్టింటివాళ్ళు ఆ లేతమొలకలు కోసి కూర వండుకునేవాళ్ళు.

బయల్దేరేటప్పుడు వాళ్ళమ్మ ఒకటే మాట చెప్పింది. "మొదటి ఏడు ఊరికే చూడు. రెండో ఏడూ ఊరికే చూడు. మూడో ఏడు కోసుకో."

అప్పుడు మా అమ్మ నాయనమ్మని అడిగింది, కాస్త చోటు ఇమ్మని. నాయనమ్మ బావి పక్కన చాప పరిచినంత నేల చూపించింది.

"మూడేళ్ళు కూర పెట్టని మొక్కా? మా ఇంట్లో ఆవు కూడా అన్నాళ్ళు ఊరికే మెయ్యదే! సరే, నాటుకో. మూడో వానాకాలానికి గిన్నెలోకి కూర రాకపోతే మాత్రం పీకించేసి మిరపనారు పోయిస్తాను."

అంత పెద్ద ఇంట్లో మా అమ్మ తనదని చెప్పుకోడానికి ఉన్నది ఆ చాపంత నేల ఒక్కటే. అది పోతే ఇక ఏదీ లేదు.

ఆ తర్వాత మా అమ్మ మూడు గుంతలు తీసి, చివికిన పేడ వేసి, మూడు దుంపలూ నాటింది. మధ్య ఖాళీలో కొత్తిమీర చల్లింది. బావినీళ్ళు పారే కాలవ పక్కన పుదీనా గుచ్చింది. గట్టు మీద మరువం, మూల వామాకు. సాయంత్రం నీళ్ళు చిలకరిస్తే ఆ వాసనలన్నీ ఒక్కసారి లేచేవి. ఇప్పటికీ ఎక్కడైనా తడిసిన పుదీనా వాసన తగిలితే, నా చెయ్యి మా అమ్మ కొంగు కోసం వెతుక్కుంటుంది.

ఇంకొకటి చెప్పాలి. మా నాయనమ్మ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. పెరట్లో ఏది కాసినా తొలికాపు ఇంటి ఆడపడుచుకే. మొదటి బీరకాయ, మొదటి నిమ్మకాయ, మొదటి గుప్పెడు చిక్కుడుకాయలు, అన్నీ మా మేనత్త వరహాలుకే. ఆవిడని పక్క ఊళ్ళోనే ఇచ్చారు. తొలకరి పడిందంటే పుట్టింటికి వచ్చేసేది.

మొదటి ఏడు వాన పడింది. చీపురుపుల్లల్లాంటి మొలకలు లేచాయి. వరహాలు వచ్చింది.

"సింగారీ, ఆ మొలకలు కోసుకురా. పిల్లకి తొలికాపు పెట్టాలి," అంది నాయనమ్మ.

"కోయకూడదత్తా."

"ఏమిటీ? మళ్ళీ చెప్పు!"

"ఆ మొలక ఈకలా విప్పుకోవాలి. ఎండ తాగాలి. తాగినదంతా వేరుకి పంపాలి. ఇప్పుడే కోస్తే వేరు పస్తు పడుకుంటుంది."

"నా కూతురు పస్తు పడుకుంటే నీకు ఫర్వాలేదు గానీ!"

"వరహాలుని పస్తుంచుతానా అత్తా? తొలికాపు వామాకు కూడా ఉందిగా," అని మా అమ్మ గబగబా శనగపిండి కలిపింది. వామాకు బజ్జీలు వేసింది. మా మేనత్త పదకొండు తింది. లెక్క నేను పెట్టలేదమ్మా, ఆవిడే చెప్పుకునేది.

అయినా నాయనమ్మ ఊరుకుందా? బావి దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే మాట. "మా కోడలు ఆడపడుచుకి ఆకు పెట్టి, మొలక దాచుకుంది." మా అమ్మ వినీ విననట్టు చేద లాగేది. ఆ మాట మాత్రం తగలకుండా పోయేది కాదు.

రెండో ఏడు వాన పడింది. ఈసారి మొలకలు పెన్సిలంత లావున లేచాయి. సరిగ్గా అప్పుడే మా అమ్మ తన తమ్ముడి పెళ్ళికని నాలుగురోజులు పుట్టింటికి వెళ్ళింది. వరహాలు ఇక్కడికి వచ్చింది.

అప్పుడు నాయనమ్మ కత్తిపీట తీసుకుని బావి దగ్గరికి నడిచింది. కూతురు వరసగా రెండో ఏడు కూడా తొలికాపు లేకుండా వెళ్ళడం ఆవిడకి తలవంపుగా తోచింది. ఒక మొక్క మొలకలన్నీ కోసింది. గిన్నె నిండలేదు. పాతతీగ అడ్డం వస్తోందని దాన్నీ నరికింది. అంతా ఉడికిస్తే వచ్చింది నాలుగు ముద్దల కూర. వరహాలుకేం తెలుసు, తినేసి వెళ్ళింది.

ఆ తర్వాత మా అమ్మ తిరిగొచ్చింది. చెప్పులన్నా విడవకుండా బావి దగ్గరికి వెళ్ళి చూసింది. మూడు మొక్కల్లో ఒకటి బోడిగా ఉంది. పచ్చ ఈక ఒక్కటీ లేదు. నెల తిరిగేసరికి వేరు కుళ్ళిపోయింది.

ఇంకొకరైతే ఏడ్చేవాళ్ళు. మా అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి నాయనమ్మ ముందు నిలబడింది.

"అత్తా, ఒక కూరకి ఒక మొక్క పోయింది. ఇంకా రెండు మొక్కలున్నాయి. అంటే మన ఇంటికి ఇంకా రెండు కూరలే. అంతేనా, లేక ముప్పై ఏళ్ళ కూరలు కావాలా?"

నాయనమ్మ తప్పు ఒప్పుకునే మనిషి కాదు. కానీ మర్నాటి నుంచి బియ్యం కడిగిన నీళ్ళు ఎవరూ చూడకుండా ఆ రెండు మొక్కల మొదట్లో పోసేది. ఎవరన్నా చూస్తే, "కాలు జారి ఒలికాయి," అనేది. రోజూ అక్కడే జారేది మరి, ఏం చేస్తుంది పాపం!

మూడో ఏడు వాన రాలేదు. మృగశిర కార్తె వచ్చింది, వెళ్ళింది. ఆరుద్ర సగమైంది. నేల నెర్రెలిచ్చింది. మిరపనారు పోసే రోజులు వచ్చేశాయి. మా అమ్మ రోజూ పొద్దున్నే వెళ్ళి నేలని వేలితో తడిమి చూసేది. ఏమీ లేదు.

"విత్తనం తియ్యమంటావా, మిరపకి?" అని మా నాన్న అడిగాడు.

"దాన్నింకా ఎండబెట్టాలి. నాకు తెలీదేంటి, నువ్వెళ్ళు," అంది నాయనమ్మ. ఆ విత్తనం అప్పటికే అటక మీద గలగలలాడుతోంది!

అప్పుడు, ఒక మధ్యాహ్నం, వాన కొట్టింది. రెండురోజులు విడవకుండా కొట్టింది. మూడోనాడు తెల్లారేసరికి రెండు మొక్కల చుట్టూ చిటికెనవేలంత మొలకలు బారులు తీరి లేచాయి. మా అమ్మ దోసిలి నిండా కోసింది. కొన్ని మొక్కకే వదిలేసింది.

పొయ్యి మీద ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిరపకాయ తుంచి వేసింది. మొలకలు వేసి మగ్గించింది. పచ్చికొబ్బరి, ఆపైన కొత్తిమీర. ఆ వాసన వీధిగుమ్మం దాటింది. ఆ వాసనకే వచ్చినట్టు వరహాలు వచ్చింది.

నాయనమ్మ కూతురికి పీట వేసింది. ఆకు వేసింది. గిన్నెలో కూరంతా ఆ ఆకులోనే వంపేసింది. మూడేళ్ళు కాపు కాసిన మా అమ్మ పొయ్యి దగ్గరే నిలబడింది. తొలికాపు కదా, రుచి కూడా చూడలేదు.

వరహాలు అన్నం కలపలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, ఇది ఎవరికి?"

"ఆడపడుచుకి. కొత్తగా అడుగుతావేమే?"

"వదినా, ఇలా రా. నువ్వు ఏ ఇంటి ఆడపడుచువి?"

"కొండకింద బోనువారి ఇంటి ఆడపడుచుని," అంది మా అమ్మ, ఏమీ అర్థం కాక.

"మరి ఈ వేరు ఏ ఇంటిది?"

"మా బోనువారి ఇంటిదే."

"విన్నావా అమ్మా? వేరు వాళ్ళింటిది. ఆ ఇంటి ఆడపడుచు ఇక్కడే నిలబడి ఉంది. ఈ కూర నేను తింటే ఆచారం తప్పినదాన్ని నేనే. నా అత్తారింట్లో నాకింత నేల ఎవరూ ఇవ్వలేదు. ఈమె నాటింది. ఈమె తినాలి."

నాయనమ్మ లేచింది. అరుస్తుందనుకున్నారు. ఆవిడ పెరట్లోకి వెళ్ళి చెయ్యి కడుక్కుని వచ్చింది. ఆకు ముందు కూర్చుంది. అన్నంలో కూర కలిపింది. నెయ్యి వేసింది. పెద్ద ముద్ద చేసి మా అమ్మ మొహం ముందు పెట్టింది.

"నోరు తెరు. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు."

మా అమ్మ నోరు తెరిచింది. నమిలింది. కళ్ళలో నీళ్ళు నిండిపోయాయి.

"సరిపోయిందత్తా."

అప్పుడు వరహాలు ఒక ముద్ద తిని, పకపకా నవ్వింది. "వదినా! ఇందులో ఉప్పే వెయ్యలేదు కదే!"

రుచి చూడకుండా వండితే అంతే మరి. ముగ్గురూ ఒకే ఆకు చుట్టూ కూర్చుని, ఉప్పు నంచుకుంటూ ఆ కూరంతా తినేశారు. ఆ తర్వాత మిరపనారు దొడ్డి అవతల పోశారు. బావి పక్క నేలని ఊళ్ళో అందరూ సింగారి మడి అనేవాళ్ళు. నేను నడక నేర్చింది ఆ మడి గట్టు మీదే.

కథేమో కంచికి,
కమ్మని కూర కంచానికి,
మనమేమో మంచానికి!

ఇక కళ్ళు మూసుకోండి. రేపు పొద్దున మీ అమ్మ దోసెలు పోస్తుంటే, పెనం మీంచి దిగిన మొదటి దోసె తుంచి ఆవిడ నోట్లో పెట్టండి. ఆ తర్వాతే మీ కంచాలు పట్టుకురండి.