రాజుగారి పొట్టలో పరాయివాళ్లు

మేఘాద్రి దుర్గాన్ని ఏలే నరహరి భూపతికి ఒకనాడు భోజనం మధ్యలో ఒక సందేహం వచ్చింది.

"ఇంత తింటున్నాం కదా, లోపలికి వెళ్లాక దీని సంగతి ఎవరు చూసుకుంటారు?"

పక్కనే కూర్చున్న ఆస్థాన వైద్యుడు కేదారభట్టు ఇలాంటి ప్రశ్నల కోసమే కాచుకుని ఉండే మనిషి. "వైద్య శిరోమణి గారూ" అని పిలవనిదే ఆయన ఎవరి నాడీ పట్టుకోడు.

"మన పేగుల్లో కంటికి కనబడని జీవులు కోట్ల కొద్దీ కాపురముంటాయి ప్రభూ," అన్నాడు.

రాజు కలిపిన ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు.

"నా పొట్టలోనా?"

"తమ పొట్టలోనే."

"ఎవరి అనుమతితో?"

దీనికి భట్టు దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకునే అలవాటూ లేదు.

"తమరు సెలవిస్తే అన్నిటినీ ఖాళీ చేయిస్తాను," అన్నాడు.

రాజు సెలవిచ్చాడు.

మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం విరేచనాల కషాయం. పెరుగు, మజ్జిగ, అంబలి, పులిసినదేదీ కోట గుమ్మం దాటి రాకూడదని ఆజ్ఞ. వాటిలోనూ జీవులుంటాయట.

నెల తిరిగేసరికి రాజు చేతులు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం డప్పులా ఉబ్బింది. తిన్నది అరగదు, అరగనిది ఆగదు. పరదేశాల రాయబారులు వాక్యం సగంలో ఆపి, ప్రభువు తిరిగొచ్చాక మిగతా సగం చెప్పడం నేర్చుకున్నారు.

"ఇంకా కొన్ని మిగిలాయి ప్రభూ, మొండివి," అంటూ భట్టు మోతాదు పెంచుకుంటూ పోయాడు.

ఇదంతా చూస్తూ మాచనకు నిద్ర పట్టడం లేదు. అతను రాజుతో కలిసి పెరిగినవాడు, సభలో రాజు పక్కన కూర్చుని కబుర్లు చెప్పడమే అతని కొలువు. ఒకరోజు రాజు సింహాసనం దిగడానికి స్తంభం పట్టుకోవడం చూసి, ఇక ఉండబట్టలేక నోరు విప్పాడు.

"ఈ కషాయం చాలించండి ప్రభూ."

"నీకు వైద్యం తెలుసా?"

"తెలియదు."

"అయితే ఊరుకో."

మాచన ఊరుకున్నాడు. కానీ వారం తిరక్కుండానే ఇంకో ఆజ్ఞ వచ్చింది. అంతఃపురంలో అందరికీ కషాయం పట్టించాలి, ముందుగా అయిదేళ్ల రాకుమారికి. ఆ మాట విన్న రాణిగారు మాచన వైపు చూశారు.

ఆ మధ్యాహ్నం సభలో రాజు నీరసంగా నిట్టూర్చాడు. "ఒక్క ముద్ద పెరుగన్నం తినాలని ఉంది మాచనా."

"తినొచ్చు ప్రభూ, జీవులు లేని పెరుగైతే."

"అలాంటిది ఉంటుందా?"

"జీవులుండేది తోడులోనే కదా. తోడు వేయకుండా పెరుగు చేయిస్తే సరి. అది మాబోటివాళ్ల వల్ల కాదు. వైద్య శిరోమణి గారు తలుచుకుంటే ఎంతసేపు?"

భట్టు జన్మలో వంటశాల గడప తొక్కలేదు. పైగా నిండు సభలో బిరుదు పూర్తిగా వినబడింది.

"అదెంత పని? నా శుద్ధి విద్య ఉండగా తోడెందుకు?" అన్నాడు.

"పోల్చి చూసుకోవడానికి పక్కనే నేనూ మామూలుగా తోడేసి ఒక కుండ పెడతాను, అనుమతిస్తారా?"

రాజు తలూపాడు. ఒకే ఆవు పాలు ఒకే పొయ్యి మీద బాగా కాచి, రెండు కుండల్లో పోశారు. గోరువెచ్చగా అయ్యాక మాచన తన ఇంటి నుంచి తెప్పించిన పెరుగు ఒక చెంచాడు తన కుండలో వేశాడు. భట్టు తన కుండ మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగాడు. రెంటికీ పల్చటి గుడ్డలు కప్పి, సభలోనే కాపలా పెట్టారు. అసలే ఎండాకాలం.

మర్నాడు మధ్యాహ్నం అందరి ముందూ గుడ్డలు తీశారు.

మాచన కుండలో పెరుగు గడ్డలా తోడుకుంది. భట్టు కుండ దగ్గర మాత్రం, గుడ్డ తీసిన భటుడు ముక్కు మూసుకోవడానికి సెలవడిగాడు. ముందు వరసలో ఉన్న సామంతులకు వెనక వరసలో ఏవో పనులు గుర్తొచ్చాయి. పాలు విరిగి, నీరు తేలి, పైన జిగట తీగలు సాగుతున్నాయి.

"ఇదేమిటి భట్టుగారూ?"

"శుద్ధమైన పెరుగు ప్రభూ. మనకు అలవాటు లేక వాసన అలా తోస్తుంది."

"అయితే మొదటి ముద్ద తమరే తినండి."

భట్టు కుండలోకి చూశాడు.

"ఈ రోజు నాకు ఉపవాసం ప్రభూ."

రాజు మాచన వైపు తిరిగాడు. "అవే పాలు, అదే పొయ్యి. మరి ఇంత తేడా ఎలా వచ్చింది?"

"కాచినప్పుడు రెండు కుండలూ ఖాళీ అయ్యాయి ప్రభూ. నా కుండలోకి ముందుగా మంచివాళ్లను పంపాను. వాళ్లు సర్దుకుని కూర్చున్నాక చెడ్డవాళ్లకు చోటు దొరకలేదు. శిరోమణి గారి కుండ లోపల కాపలా కాసేవాళ్లెవరూ లేరు, దారిన పోయేవాళ్లంతా దూరారు."

రాజు చెయ్యి మెల్లగా తన పొట్ట మీదికి వెళ్లింది.

"అంటే నా లోపల..."

"తోడు వేయని కుండే ఇంత కంపు కొట్టింది ప్రభూ. తోడును తరిమేసిన పొట్ట సంగతి తమకే తెలియాలి."

అంతలో రాజుగారి పొట్ట గుడగుడమని పెద్దగా మోగింది.

"ఒప్పుకుంటోంది," అన్నాడు రాజు.

ముందు ఆయనే నవ్వాడు. తర్వాత సభంతా నవ్వింది, అంతఃపురం తెర వెనక గాజుల చప్పుడుతో సహా. కషాయం కుండలు అప్పటికప్పుడే బయట పారబోయించారు. ఆరు నెలలు వంటశాలలో కూర్చుని పాలు తోడు పెట్టడం నేర్చుకోమని భట్టుకు ఆజ్ఞ అయింది. వేడి అన్నం మెత్తగా పిసికి, చల్లారాక మాచన కుండలో పెరుగు కలిపి తెచ్చారు. రాజు రెండు ముద్దలు తిని, కాసేపు ఆగి, మూడోది తిన్నాడు. ఎక్కడికీ లేచి వెళ్లలేదు.

తర్వాత ఎడమ చేతిని కొంచెం కిందికి వంచాడు. బంగారు కంకణం లాగకుండానే ఊడి మాచన దోసిట్లో పడింది.

"జాగ్రత్తగా దాచుకో," అన్నాడు. "ఈ పెరుగు పనిచేస్తే మళ్లీ ఇంత తేలిగ్గా ఊడిరాదు."