తడికల రాజుగారి కంటి పొర

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు. పేరు వీరకంపరాయుడు. పేరే బరువు, మనిషి ఊకబస్తా. పేదవాళ్ళు కంటపడితే ఆయనకి గిట్టదట. అందుకని పల్లకీ కదిలే ముందే భటులు పరిగెత్తుకెళ్ళి గుడిసెల ముందు తాటాకు తడికలు కట్టేవారు. తడికల వెనక గుడిసెలు, గుడిసెల్లో మనుషులు, మనుషుల్లో ఆకలి. రాజుగారికి కనిపించేది తాటాకు. నవ్వకండర్రా. ఎవరో మంత్రిగారు వస్తున్నారని మా పేటకీ కట్టారు. మీ అమ్మని చంకనేసుకుని రెండు పూటలు ఆ తడిక వెనకే నిలబడ్డాను. ఊ కొడుతున్నారా?

ఆ కొలువులో ఇంకో ఆచారం. పొద్దున్నే ఉద్యోగులంతా రాజుగారి చెప్పులు కళ్ళకద్దుకుని, మా కళ్ళు తమవే అనాలి.

ఇలా ఉండగా రాజుగారి కళ్ళకే జబ్బు చేసింది. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది కదా, అది పలచబడి పలచబడి, మొనదేలి ముందుకు పొడుచుకొచ్చింది. ఒక దీపం నాలుగు దీపాలయింది. ఒక మంత్రి నలుగురయ్యాడు, ఒక్కణ్ణి భరించడమే కష్టం. చూపు లేనివాడికి కొలువులో చోటు లేదని చట్టం రాసింది ఈయనే. దాంతోనే కంటిపొర తెల్లబడ్డ ముసలి కాపలాదారు ఎంకన్నని గెంటేశాడు. ఇప్పుడా చట్టం గద్దె దాకా వచ్చింది. తమ్ముడు అప్పుడే కిరీటానికి తల కొలత ఇచ్చుకున్నాడట.

ఆ ఊళ్ళో సూరమ్మని ఒక కంటి వైద్యురాలు. పోయినవాళ్ళ కంటిపొర తీసి, మందునీళ్ళ సీసాలో చల్లగా దాచి, కావలసినవాళ్ళకి కుడుతుంది. ఒకటి సిద్ధంగా ఉందని కబురు చేసింది. రాజు మండిపడ్డాడు. ఊరగాయలా సీసాలో ఊరిన పొర నాకా, అదీ ఏ కులంవాడిదో తెలియకుండానా అన్నాడు. రాచకొలువులోదే కావాలన్నాడు.

కోడలు కోటమాంబ గడుసుది. నిజమే మామగారూ, రోజూ అందరూ కళ్ళు తమవే అంటున్నారుగా, రాయించుకుందాం అని పుస్తకం పట్టుకెళ్ళింది. బతికుండగా కాదు, పోయాకే. ఎవరు ముందు పోతే వాళ్ళ పొర రాజుగారికి.

మంత్రిని అడిగితే సేనాపతిని అడగమన్నాడు. సేనాపతిని అడిగితే సూదంటే భయమన్నాడు. పోయాక సూదేమిటయ్యా అంటే పురోహితుణ్ణి అడగమన్నాడు. పురోహితుణ్ణి అడిగితే వచ్చే జన్మలో గుడ్డివాడిగా పుడతానన్నాడు. తమ్ముణ్ణి అడిగితే దగ్గు వచ్చి వెళ్ళిపోయాడు. మర్నాడు చెప్పుల దగ్గరికి ఒక్కడూ రాలేదు. ఊ కొడుతున్నారా?

రాజు గోడ తడుముకుంటూ సూరమ్మ ఇంటికి పోయి, కుట్టమ్మా అన్నాడు. ఆయన నోట అమ్మా అన్న మాట రావడం అదే మొదలు. సూరమ్మ ఒక కంట్లో చెడిన పొరని గుండ్రంగా కోసి తీసి, సీసాలోదాన్ని వెంట్రుకకన్నా సన్నని దారంతో చుట్టూ కుట్టింది. నెలల తరబడి చుక్కల మందు వేసింది. ఒకనాడు ఆ కంటికి నాలుగు దీపాలు ఒక దీపమయ్యాయి.

చూపు రాగానే బుద్ధి రావద్దూ? ఈ పొర ఎవరిదో చెప్పమన్నాడు. ఇచ్చినవాళ్ళ పేరు చెప్పకపోవడం మా కట్టుబాటు అంది సూరమ్మ. రాజు కత్తి దూశాడు.

"కత్తి అంచు స్పష్టంగా కనిపిస్తోందా ప్రభూ? అయితే నా పని అయినట్టే" అంది.

రాజు కత్తి ఒరలో పెట్టి, కోడల్ని వెంటబెట్టుకుని పల్లకీ ఎక్కాడు. దారి పొడవునా తడికలే. ఈ కన్ను ఏ వీధిదై ఉంటుందని కోడల్ని అడిగాడు.

"కొలువులో ఎవరూ ఇవ్వలేదు మామగారూ. మిగిలింది తడికల వెనకవాళ్ళే. ఇన్నాళ్ళూ ఈ పొర ఆ పక్కనుంచి మన పల్లకీని చూస్తూనే ఉండి ఉంటుంది."

రాజు పల్లకీ ఆపించాడు. దిగి, తడిక కట్టు తనే విప్పాడు. ఎదురుగా ఎంకన్న, ఎవరో తెలియక గాలిలో దణ్ణం పెడుతున్నాడు. రాజు అతని చెయ్యి పట్టుకుని సూరమ్మ దగ్గరికి నడిపించాడు. తర్వాతి పొర ఇతనికే అన్నాడు. ఆ చట్టం చించేశాడు. పుస్తకంలో మొదటి వేలిముద్ర తనదే వేశాడు. ఆ తర్వాత కొలువంతా వేసింది. వెయ్యరూ మరి, ఇప్పుడు రాజుగారికి బాగా కనిపిస్తోంది. ఊడదీసిన తడికలన్నీ మంత్రి ఇంటి చుట్టూ కట్టించాడట. ఊరంతా హాయిగా ఉంది, మంత్రికి కాస్త చీకటి.

నేనూ రాసిచ్చాను. శుక్లాల ఆపరేషనయినా నా పొర పనికొస్తుందన్నాడు డాక్టరు. నేను పోయిననాడు ముందు కళ్ళాసుపత్రికి ఫోను చెయ్యండి, ఆరు గంటలు దాటనివ్వకండి. తర్వాత తీరిగ్గా ఏడవండి. కథ కంచి బండెక్కింది, మీరు మంచాలెక్కండి.